గాలి అన్న మాట

అత్తింట్లో అడుగుపెట్టిన రోజే బెర్మెత్ నోట్లోంచి కొన్ని మాటలు తీసేశారు. మామగారి పేరు దెమిర్. కోడలు ఆ పేరు పలకకూడదు, ఆ పేరులా వినిపించే మాటైనా పలకకూడదు. కొండల్లోని అత్-బాషి ఊళ్లో చాలా ఇళ్లు ఈ పట్టింపు ఎప్పుడో వదిలేశాయి గాని, అత్తగారు బాత్మా వదల్లేదు. వాళ్ల భాషలో ఇనుమంటే తెమిర్ కాబట్టి ఇనుప పొయ్యి బెర్మెత్‌కి 'నల్లది' అయింది. ఊపిరంటే దెమ్ కాబట్టి అది 'గాలి' అయింది. ఆవు చచ్చిన దూడని ఈనిన రోజున "అపా, దూడకి గాలి లేదు" అని అత్తగారితో అంటే, "బయట బోలెడుంది కదే" అని బాత్మా పడీపడీ నవ్వింది. బెర్మెత్ కూడా నవ్వింది. కొత్త కోడలు నవ్వక ఏం చేస్తుంది?

ఆ జనవరిలో చలి కర్కశంగా ఉంది. బెర్మెత్ భర్త ఉర్మత్ రోజు విడిచి రోజు వ్యాన్లో జనాన్ని ఎక్కించుకుని దొలోన్ కనుమ దాటి రాజధాని బిష్కెక్ వెళ్లేవాడు. బండిది ముసలి ఇంజను. లోపల మండిన పొగ కొంత పిస్టన్ల పక్కనుంచి కిందికి జారి, నూనె ఆవిరిని వెంటేసుకుని, పై గొట్టంలోంచి మళ్లీ ఇంజను నోట్లోకే పోయేది. ఆ నోరంతా తారులాంటి జిడ్డు. అందుకని దెమిర్ ఒక డబ్బా తయారుచేశాడు. పొగ ఆ డబ్బాలోకి వెళ్తుంది, లోపల కుక్కిన స్టీలు పీచుకి తగిలి నూనె అడుక్కి కారుతుంది, మిగిలిన పొగ ఇంకో గొట్టంలోంచి ఇంజనుకి చేరుతుంది. చల్లగా ఉంటే నూనె బాగా దిగుతుందని డబ్బాని రేడియేటరు పక్కన, గాలి కొట్టే చోట బిగించాలనుకున్నాడు. నలభై ఏళ్లు ట్రాక్టర్లు నడిపిన మనిషి, చేతిలో పనితనం ఉంది.

ప్రయాణం రోజు పొద్దున్నే ఆయన ఉర్మత్‌ని ప్రయాణికుల కోసం బజారుకి పంపి, వ్యాను ముందు మూత ఎత్తి డబ్బా బిగించాడు. బూడిద పారబోయడానికి వచ్చిన బెర్మెత్ ఆ పని చూసి ఆగిపోయింది.

కనుమకి అవతల కొచ్కోర్‌లో ఆమె తండ్రి ముప్పై ఏళ్లుగా ఇంజన్లు బాగుచేస్తున్నాడు. పెళ్లయ్యే దాకా ఆయనకి పానాలు అందించింది ఆమే. "ఇంజను కూడా ఊపిరి తీసే జీవమేనమ్మా" అనేవాడు. "ఆ ఊపిరిలో నీళ్లుంటాయి. నోరు మూసేశావో, ఇంకెక్కడో చీల్చుకుని వదులుతుంది." చలికాలంలో ఆయన డబ్బాని ఇంజను వేడి తగిలే చోట పెట్టి, గొట్టాన్ని ఎక్కడా వంపు లేకుండా ఏటవాలుగా లాగి, మందపాటి ఉన్ని నమదా చుట్టేవాడు. ఇక్కడ డబ్బా చలిలో ఉంది. గొట్టం పొడుగైపోయి మధ్యలో బొజ్జలా వేలాడుతోంది. నీరు ఆ బొజ్జలో చేరి గడ్డకడుతుంది. ఊపిరాడక ఇంజను తన నూనె తానే కక్కేసుకుంటుంది. నూనె లేని ఇంజను బిగిసిపోతుంది. దొలోన్ మీద జనవరిలో బండి ఆగితే ఏమవుతుందో అత్-బాషిలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

మామగారికి ఎదురుగా తప్పు చూపించడం కోడలి పని కాదు. ఆమె వంటింట్లోకి పరిగెత్తింది. బాత్మా బోర్సోక్ పిండిముక్కలు నూనెలో వేయిస్తోంది.

"అపా, ఆ డబ్బా గొట్టం మధ్యలో వేలాడుతోంది. పైన గడ్డకడితే గాలి ఆగిపోతుంది. కాస్త చెప్పండి."

"నాకెందుకే ఇంజను పాఠాలు? ఏం చెప్పాలో అది చెప్పు."

"కనుమ మీద గాలి ఆగిపోతుందని..."

"అంతేగా. ముందు ఈ పిండి సంగతి చూడు, మాడుతోంది."

బాత్మా కిటికీ తెరిచి అరిచింది. "ఓ ముసలాయనా! కోడలు చెబుతోంది, కనుమ మీద గాలి ఆగిపోతుందట!"

దెమిర్ చేతులు తుడుచుకుంటూ ఆకాశం వైపు చూశాడు. "ఆగితే మంచిదేగా! మంచు ఎగరదు, దారి కనబడుతుంది. కొచ్కోర్ పిల్ల మాట ఊరికే పోదు."

"విన్నావా? మెచ్చుకుంటున్నాడు" అంది బాత్మా.

చిల్లుల గరిటె చేత్తో పట్టుకుని బెర్మెత్ నిలబడిపోయింది. ఒక్క మాట. నాలుక మీదికి వచ్చింది. దెమ్ అంటే చాలు, ముసలాయనకి అంతా తెలిసిపోయేది. ఆ మాటతో పాటు అత్తగారి మొహం, బజారులో ఆవిడ చెప్పబోయే కథ, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. మాట వెనక్కి మింగేసింది.

ఉర్మత్ ఆరుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. టీ ఫ్లాస్కు అందిస్తూ బెర్మెత్ గొంతు తగ్గించింది. "ఆ గొట్టం ఒక్కసారి చూడు."

"నాన్న ఇప్పుడేగా బిగించాడు. ఆయన ముందే విప్పమంటావా? ఇంట్లోకి పో, చలి."

మిగతాది ఆమె ఇతరుల నోట విన్నదే. శిఖరానికి ఇంకా రెండు మలుపులుండగా నూనె కొలిచే కడ్డీ ఎగిరిపోయింది. నూనె అంతా మంచు మీద పోయింది. ఇంజను బిగుసుకుంది. సున్నాకి దిగువన ముప్పై ఆరు డిగ్రీల చలి. బొగ్గు లారీ ఒకటి ఆ ఆరుగురినీ ఇరికించుకుంది, ఏడోవాడికి చోటు లేదు. ఉర్మత్ చేతి తొడుగులు కూడా ఒక ముసలావిడకి ఇచ్చేసి బండి దగ్గరే ఉండిపోయాడు. రోడ్డు పనివాళ్లు కనుక్కునేసరికి స్పృహ లేదు. నరీన్ ఆసుపత్రిలో చలికి చచ్చుబడ్డ ఎనిమిది చేతివేళ్లు తీసేశారు. బొటనవేళ్లు రెండూ మిగిలాయి.

అతను ఇంటికొచ్చిన మూడో రోజు వ్యానుని లాక్కొచ్చి పెరట్లో పడేశారు. దెమిర్ గొట్టం విప్పి వంచబోయాడు. అది వంగలేదు. కత్తితో కోస్తే లోపల వేలెడు పొడుగున మంచుగడ్డ.

"అన్నీ సరిగ్గానే బిగించానే" అన్నాడు, ఎవరితోనో. "ఎందుకు చచ్చింది ఇది?"

బెర్మెత్ బూడిద బకెట్ కింద పెట్టింది.

"దెమ్ ఆగిపోయింది, అతా" అంది మామగారితో.

గుమ్మంలో బాత్మా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆ రోజు నేను చెప్పిందీ ఇదే" అంది బెర్మెత్. "గాలి అన్నాను."

దెమిర్ చేతిలోని మంచుగడ్డ వైపు, ఆ తర్వాత భార్య వైపు చూశాడు.

"నేను గాలి అనే చెప్పాను" అంది బాత్మా. "అది ఎలా చెబితే అలాగే చెప్పాను."

"మరి ఆ రోజే ఆ మాట అనకపోయావా తల్లీ?" అన్నాడు దెమిర్. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది బెర్మెత్‌కి.

లోపలి నుంచి ఉర్మత్ పిలిచాడు. షోర్పో సూపు చల్లారకముందే తాగించాలి. ఆమె వెళ్లి మంచం పక్కన కూర్చుని చెంచా నింపింది. కట్లు కట్టిన చేతులు రెండూ దుప్పటి మీద ఎవరివో వస్తువుల్లా పడి ఉన్నాయి.

"వేడిగా ఉంది" అన్నాడతను. "కాస్త ఊదు."

ఆమె ఊదింది.