తెల్ల సిమెంటులో బిగిసిన జాలీ

నేను ఒక తూము జాలీని. అరచేయంత గుండ్రటి స్టీలు రేకు, దానికి ముప్పై రెండు చిల్లులు, అంతే నా అందం. ఊరి బయట ఒక షెడ్డులో ప్రెస్సు కింద పుట్టాను. ఏలూరులో ఒక హార్డ్‌వేరు కొట్లో తీగకు గుచ్చి వేలాడదీసిన నన్ను పూర్ణచంద్రరావుగారు ఏరి మరీ తెచ్చుకున్నారు. ఆయన మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో మేకు కొట్టాలన్నా ఇంకొకరిని పిలవనివ్వరు.

నా చోటు వంటింటి మూల, గ్రైండరు పక్కన. ఆయన భార్య శేషారత్నంగారు ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి అమ్ముతారు. యాభై దాటాక తనకంటూ మొదలుపెట్టుకున్న పని అది. వీధిలో అందరూ 'రత్నమ్మగారి పిండి' అంటుంటే ఆవిడ మొహం వెలిగిపోయేది. గ్రైండరు కడిగిన నీళ్లు నా మీదుగానే పోయేవి. ఒకసారి నా అంచు పక్క నుంచి బొద్దింక పైకొచ్చిందని రావుగారు నా చుట్టూ తెల్ల సిమెంటు మెత్తేశారు. "ఇంక పదేళ్లైనా కదల్దు చూడు," అని నన్ను వేలితో తట్టి మురిసిపోయారు. నిజం చెప్పాలంటే నేనూ మురిశాను.

ఎత్తి కడిగే వీలు లేకపోయేసరికి నా కింద పిండి నీళ్ల జిడ్డు వేలి మందాన పేరుకుంది. అందులో సన్నటి పురుగులు పుట్టాయి. వాటి నుంచి చిట్టి ఈగలు, బొచ్చు రెక్కలవి, నా చిల్లుల్లోంచి ఒక్కొక్కటే వచ్చి గోడ మీద వాలేవి. సరిగా ఎగరడం కూడా రాదు వాటికి. అన్నీ చూస్తూనే ఉన్నాను. చెబుదామంటే ముప్పై రెండు చిల్లులున్నాయి గాని, ఒక్క నోరు లేదు.

రావుగారు ఫినాయిల్ పోశారు, సాంబ్రాణి పొగ వేశారు, కలరా ఉండలు నా నెత్తిన పేర్చారు. జిడ్డు చెక్కుచెదరలేదు. వాసన మాత్రం పిండికి పట్టింది.

ఒక సాయంత్రం పక్క సందులో ఉండే హైమావతి టీచరు, ఎప్పుడూ పిండికి తెచ్చే గిన్నె లేకుండా వచ్చారు.

"ఏమీ అనుకోకండి పిన్నిగారూ. మీ పిండి పురుగు పడుతోందని వీధిలో అనుకుంటున్నారు. మా అత్తగారు ఇంక తేవద్దన్నారు."

ఆమె వెళ్లాక రావుగారు మెల్లగా, "పోనీ, కొన్నాళ్లు మానెయ్యరాదూ?" అన్నారు. రత్నమ్మగారు ఏడుస్తారనుకున్నాను. నాకే ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం రెండు స్టీలు గ్లాసులు తీసి లోపల ఆముదం రాశారు. పళ్లెంలో కాస్త పిండి వేసి దాని మీద ఒకటి, నా మీద ఒకటి బోర్లించి వెళ్లి పడుకున్నారు.

తెల్లారి చూస్తే పిండి మీద గ్లాసు శుభ్రంగా ఉంది. నా మీద గ్లాసులో పన్నెండు ఈగలు అతుక్కుని ఉన్నాయి.

"ఏవండీ, ఇలా రండి. మీరు మానమన్నది నా పిండి. ఇవి వస్తున్నది మీ సిమెంటు కింద నుంచి."

ఆయన గ్లాసులోకి చూశారు. నా చుట్టూ ఉన్న సిమెంటును గోటితో గీకారు. "ఉలి ఎక్కడ పెట్టానే?" అన్నారు.

ఏడు దెబ్బలకు ఊడొచ్చాను, వంకరపోయి. ఆయన చతికిలబడి పొడుగు బ్రష్షుతో జిడ్డంతా గీకి తీశారు. చాకలి సోడా వేసి, వేడి నీళ్లు పోసి, మళ్లీ గీకారు. వారమంతా అదే పని. ఈగలు రోజురోజుకీ తగ్గి, ఆఖరికి మాయమయ్యాయి. నా చోట ఇప్పుడు ప్లాస్టిక్ జాలీ ఉంది. దానికి సిమెంటు లేదు. ఆయనే రోజూ ఎత్తి కడుగుతారు.

నేను వీధి అరుగు మీద పాత సామాన్లవాడి కోసం ఎదురుచూస్తున్నాను. ఇక్కణ్ణుంచి గుమ్మం కనిపిస్తుంది. నిన్న టీచరు గిన్నెతో వచ్చారు. రావుగారే ఎదురెళ్లి, "తప్పు పిండిది కాదమ్మా, నాది. తూము జాలీకి సిమెంటు మెత్తింది నేనే," అన్నారు. ఆ మాట పైకి రావడానికి ఆయన ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. ఆ సిమెంటులో బిగుసుకున్నది నేనొక్కదాన్నే కాదు.

రత్నమ్మగారు గిన్నె నిండా పిండి పోసి, పైన ఇంకో గరిటె కొసరు వేశారు.