ఆకుల గదికి ఇద్దరు

కవరును ఒళ్లో పెట్టుకుంటే అందరి కళ్లూ దాని మీదే పడతాయి, కాళ్ల దగ్గర పెడితే ఎవరో తొక్కుతారు, పైన పెడదామంటే చెయ్యి అందదు, అయినా అందులో ఏముందో ఈ బస్సులో ఎవరికి తెలుసు, బట్టల దుకాణం కవరే కదా, కొత్త చీర అనుకుంటారు, అనుకోనీ, అని సాలవ్వ చివరికి దాన్ని ఒళ్లోనే పెట్టుకుని పైన కొంగు కప్పింది, కప్పాక అది ఇంకా ఎక్కువ కనబడుతున్నట్టు అనిపించింది, పక్కన కిటికీ దగ్గర కూర్చున్న మనవరాలు రాజశ్రీ ఆ కొంగు వైపు ఒకసారి చూసి మళ్లీ బయటికి తిరిగింది, ఎల్లారెడ్డి బస్టాండులో ఎక్కినప్పటి నుంచి ఆ పిల్ల నోరు విప్పలేదు, కండక్టరమ్మ వచ్చి ఆధార్ కార్డులు అడిగితే ఇద్దరివీ చూపించి జీరో టికెట్లు రెండు తీసుకుంది, అంతే, మామూలుగా అయితే ఈ పిల్ల బస్సెక్కితే చాలు, కామారెడ్డిలో కాలేజీ సంగతులు, లెక్చరర్ల నడకలు, అన్నీ చేసి చూపించి సాలవ్వను పొట్ట పట్టుకుని నవ్వేటట్టు చేసేది, ఎనిమిది రోజులు అయింది ఆ నవ్వు విని.

కవరులో ఉన్నది నీలం పాయింటు, తెల్ల షర్టు, షర్టుకు పైనుంచి రెండో గుండీ లేదు, భుజం దగ్గర కుట్టు జానెడు తెగిపోయింది, కామారెడ్డిలో ఆడవాళ్ల కేసులు చూసే మేడం ఫోన్ చేసి వాటిని ఉతక్కుండా తెమ్మంది, సాలవ్వ అయితే ఆ రోజే పొయ్యిలో పెట్టేది, పెట్టబోయింది కూడా, రాజశ్రీ చేతిలోంచి గుంజుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది, మేడం బట్టలు అడిగిందని తెలియగానే సాలవ్వ, చూసినవా బిడ్డా, ఆఖరికి వాళ్లు గూడ బట్టల కాడికే వచ్చిండ్రు అంటే, ఆ పిల్ల అలసిపోయిన గొంతుతో, బట్టలది తప్పని కాదవ్వా, వాడు ఎక్కడ పట్టి గుంజిండో అది జెప్తదని అడిగిండ్రు అంది, ఆ మాట సాలవ్వ చెవిలో పడింది కానీ లోపలికి పోలేదు, ఎందుకంటే లోపల అప్పటికే సిద్ధిరాములు మాట కూర్చుని ఉంది.

సిద్ధిరాములు కులంలో పెద్దమనిషి, నిన్న పొద్దున వచ్చాడు, అరుగు మీద కూర్చున్నాడు, చాయ్ తాగాడు, మోకాళ్ల నొప్పులు ఎట్లా ఉన్నాయని అడిగాడు, అన్నీ అడిగాక అసలు సంగతికి వచ్చాడు, అక్కా, పిల్ల పెండ్లి గావల్సింది, కేసు అంటే ఊరూరు తెలుస్తది, బీడీల కార్ఖానా చెకర్ చక్రధర్ గూడ మనోడే, చీకట్ల పొరపాటున చెయ్యి తగిలిందని కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటుండు, నువ్వే గదా నలుగుట్ల అన్నది, ఆ బట్టలు వద్దంటే పోరి ఇనలేదని, రేపు మేడం ముంగట గూడ గదే జెప్పు, పిల్ల బెదిరి పొరబడ్డదని ఒక్క మాటను, సాదిన అవ్వవు నువ్వు, నీ మాట మీదికెళ్లి ఎవ్వరు పోతరు, అన్నాడు, సాలవ్వ సరే తమ్మీ అంది, అనేసింది, అనడం ఎంత సులువుగా అయిపోయిందో, ఈ పిల్లకు ఇంకా ఆ సంగతి తెలియదు, అవ్వ తన వైపు చెప్పడానికే వస్తోందనుకుని పొద్దున తానే అవ్వ తల దువ్వి కొప్పు వేసింది.

నలుగురిలో అన్న మాట నిజమే, ఎట్లా కాదంటుంది, గౌరవ్వ అరుగు మీద ఏడెనిమిది మంది ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని పొద్దస్తమానం బీడీలు చుడతారు, చేతులు తునికాకులో తంబాకు పోసి చుట్టి దారం వేస్తూనే ఉంటాయి, వాటికి మెదడుతో పని లేదు, అందుకే నోరు ఊరికే ఉండదు, ఆ సంగతి జరిగిన మర్నాడు సాలవ్వ చాట పట్టుకుని వెళ్లేసరికి అరుగంతా చప్పుడు లేకుండా అయిపోయింది, అందరూ దారాల వైపు చూస్తున్నారు, ఆ మౌనం ఆమెకు తట్టుకోరానిది అయింది, వీళ్లు రేపు తన పెంపకాన్ని అంటారు, తల్లి లేని పిల్లను గారాబం చేసి చెడగొట్టిందంటారు, అననీయకుండా తానే ముందు అంటే పోతుంది కదా, నేను జెప్పిన వదినా, ఆ బిగుతు పాయింటు ఏసుకొని కార్ఖానాకు పోకు అన్న, ఇన్నదా, గీ కాలం పోరిలు ఎవ్వల మాట ఇంటరు, అంది, అనగానే అరుగు మీద అందరికీ ఊపిరి వచ్చినట్టయింది, అవునంటే అవునన్నారు, ఎవరో చున్నీ సంగతి ఎత్తారు, ఎవరో సెల్‌ఫోన్ల సంగతి ఎత్తారు, సాలవ్వకు కూడా హాయిగానే అనిపించింది, ఇప్పుడు ఆ హాయి తలచుకుని కవరు మీది కొంగును ఇంకో మడత వేసింది, ఆ మాట మధ్యాహ్నానికే కార్ఖానాకు చేరింది, పొద్దు గూకేసరికి సిద్ధిరాములు ఇంటికి చేరింది, మూడో రోజు దుబాయి నుంచి తన కొడుకు, రాజశ్రీ తండ్రి అరుణ్‌కుమార్ గొంతులో తిరిగి వచ్చింది, నువ్వెందుకు ఏసుకోనిచ్చినవ్ అవ్వా, అని, అంత దూరం పోయి వచ్చిన మాట తనదేనని గుర్తుపట్టడానికి ఆమెకు కాసేపు పట్టింది.

నిజానికి ఆమె వద్దనలేదు, ఆ రోజు ఆ పిల్ల ఏం వేసుకుందో చూడనే లేదు, బట్టల విషయంలో సాలవ్వకు ఉన్న జ్ఞాపకం ఊళ్లో ఎవరికీ లేదు, నిజాంసాగర్ గేట్లు ఎత్తారని ఊరంతా లారీ ఎక్కి చూడబోయిన ఏడు తాను కట్టింది నల్లంచు పసుపు చీర, కోడలు జ్వరంతో పోయిన రోజు నాలుగేళ్ల రాజశ్రీ ఒంటి మీద ఉన్నది కుందేలు బొమ్మ గౌను, గౌరవ్వ పెండ్లిలో గౌరవ్వ ఆడబిడ్డ కట్టి చింపుకున్న చీర రంగు కూడా ఆమె చెప్పగలదు, అంత జ్ఞాపకం ఉన్న మనిషి మొన్న సోమవారం మనవరాలి ఒంటి మీది బట్టలు చూడలేదు, మోకాళ్లు వాచి లేవలేక గోడకు చేరగిలబడి, బిడ్డా, జర కార్ఖానాకు పోయి బీడీలిచ్చి ఆకు తీసుకరా అంది, పిల్ల గంప ఎత్తుకుని చెప్పులు తొడుక్కుంటుంటే వెనక నుంచి, ఒక మాట ఇను, ఆకుల గదిలకు ఒంటిగ పోకు, ఎవ్వరినన్న తోడు తీస్కపో, తేళ్లుంటయి, అని మాత్రం కేక వేసింది, అదీ ఆమె వద్దన్నది, పాయింటును కాదు.

లింగంపేటలో బస్సు ఆగింది, బఠానీలు అమ్మే ఆమె కిటికీ కింద అరిచి వెళ్లింది, రాజశ్రీ బయటికే చూస్తూ, చాలా మెల్లగా, ఎవరితోనో అన్నట్టుగా అంది, అవ్వా, ఆ గదిల తేళ్లు నిజంగ ఉంటయా, ఎందుకు బిడ్డా, అంది సాలవ్వ, తోడు కోసం చూసిన, అందరు లెక్కలు ఇచ్చే వరుసల నిలబడ్డరు, పిలుసుడు ఎందుకని నేనే పోయిన, ఫోన్ లైట్ ఏసుకొని కిందికే చూసుకుంట పోయిన అవ్వా, తేళ్ల కోసం, ఒక్కొక్క అడుగు, సంచులు జరిపి జరిపి, గందుకే వాడు ఎనకనుంచి తలుపు ఏసింది చూడలే, అంది, బస్సు కదిలింది.

కిందికే చూసుకుంట పోయిన, కిందికే, సాలవ్వకు ఆ గది కళ్ల ముందుకు వచ్చింది, ఎండ తగిలితే ఆకు పెళుసుబారుతుందని కిటికీ పెట్టని గది, తడిపిన గోనె సంచుల వాసన, పగలు కూడా చీకటి, అందులో వెలుతురు చారను నేల మీద తిప్పుకుంటూ అడుగులో అడుగు వేస్తున్న పిల్ల, లేని తేళ్లను వెతుక్కుంటూ, తేళ్లు ఎవరు పెట్టారు ఆ గదిలో, తండా నుంచి కొత్తగా పనికొచ్చిన దుర్గి అడిగింది ఒకసారి, ముప్ఫై ఏళ్ల కిందట, ఆకు కట్ట నేనొక్కదాన్నే మోస్తా కదక్కా, ఇద్దరెందుకు, అని, అప్పుడు సాలవ్వే అంది, తేళ్లుంటయే పోరీ, ఒకరు కట్ట ఎత్తితే ఒకరు చూడాలె, అని, అప్పటికప్పుడు నోటికొచ్చిన మాట, తర్వాత అందరూ అదే చెప్పడం మొదలుపెట్టారు, తల్లులు కూతుళ్లకు, కూతుళ్లు కొత్త కోడళ్లకు, ఆకుల గదికి ఇద్దరు పోవాలె, తేళ్లుంటయి, ఎంత మంచి మాట, ఎవరూ సిగ్గుపడక్కర్లేదు, ఎవరూ ఎవరి పేరూ ఎత్తక్కర్లేదు, బీడీలు చూసి తీసుకునే చెకర్లు ముగ్గురు మారారు, చక్రధర్ నాలుగోవాడు, మాట మారలేదు.

తాడ్వాయి దాటింది, మక్క చేన్లు, ఎవరిదో ట్రాక్టరు, సాలవ్వ మాత్రం ఆకుల గదికి పోయిన ఆ ఆడవాళ్ల జంటలను చూస్తోంది, చూడొద్దనుకున్నా ఒక్కొక్క జంటా తలుపులోంచి లోపలికి పోతోంది, దుర్గి అద్దాల లంగా, మోచేతుల దాకా గాజులు, దాని తోడు గౌరవ్వ, గోచీ పెట్టి కట్టిన ముదురు రంగు చీర, బురఖాలో వచ్చి బురఖాలోనే బీడీలిచ్చి పోయే ఫాతిమా, ఆమె కూడా తోడు లేకుండా పోలేదు, మొగుడు పోయి నెత్తిన తెల్ల కొంగుతో తిరిగిన పోశవ్వ, ఆరు నెలల కడుపుతో ఉన్న గౌరవ్వ మరదలు, ఆమెకైతే ముగ్గురు పోయారు, వీళ్లలో ఎవరూ పాయింటు తొడుక్కోలేదు, ఒక్కరు కూడా, యాభై ఏళ్లలో ఆడపిల్ల ఒంటి మీద ఆ గడప దాటిన మొదటి పాయింటు మొన్న సోమవారానిది, మరి అంతకు ముందు అన్నేళ్లూ ఇద్దరిద్దరుగా ఎందుకు పోయారు, ఎవరికి భయపడి.

అప్పుడు ఆమె ఆపలేకపోయింది, జంట లేకుండా ఒక పిల్ల లోపలికి పోయింది, పదిహేనేళ్ల పిల్ల, తల్లి పాత నేత చీర, మందపుది, మణికట్టు దాకా కొంగు చుట్టుకుంది, ఎండాకాలం, చెమటలు, లోపల చల్లగా ఉంటుందని సంతోషంగానే పోయింది, ఆకు కట్ట మంచిది చూసి ఇస్తా రా అన్నాడు ఆనాటి చెకర్, ఆ చీర రంగు ఇన్నేళ్లలో సాలవ్వకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు, ఇప్పుడు వచ్చింది, ఇటుక రంగు, బయటికి వచ్చినప్పుడు ముత్తవ్వ అనే పెద్దావిడ ఆమె ముఖం చూసి, చేతిలో చాట తీసుకుని, జుట్టులో చిక్కిన ఆకు తునకలు ఒక్కొక్కటే ఏరింది, రేపటి నుంచి నన్ను పిలువు, ఇద్దరం పోదాం, అంది, అంతే, ఇంక మాట లేదు, ఆ పిల్ల ఇంటికి వెళ్లి ఆలోచించింది, నవ్వానేమో, కాలి పట్టీలు చప్పుడు చేశాయేమో, చల్లగుంటదని అంత తొందరగా లోపలికి పోకుండా ఉండాల్సిందేమో, పట్టీలు తీసి తల్లికి ఇచ్చేసింది, మళ్లీ ఎన్నడూ పెట్టలేదు, తర్వాతెప్పుడో ఆ చెకర్ చనిపోతే పదకొండో రోజు విందుకు కూడా పోయింది, అందరితో పాటు కూర్చుని తిన్నది, వడ్డించినామె మారు అడిగితే పెట్టించుకుంది.

కామారెడ్డిలో ఆటో దిగి ఆ ఆఫీసు మెట్లు ఎక్కేటప్పుడు రాజశ్రీ ఆమె చెయ్యి పట్టుకుంది, మోకాళ్ల కోసం పట్టుకుందో తన కోసం పట్టుకుందో తెలియలేదు, మేడం చిన్న వయసుది, చేతులకు పలచటి తొడుగులు వేసుకుని కవరు తెరిచింది, షర్టును కాగితం మీద పరిచింది, తెగిన కుట్టును వేలితో కాదు, కళ్లతోనే చాలాసేపు చూసింది, ఏదో రాసుకుంది, పాయింటు సంగతి ఒక్క మాట అడగలేదు, సాలవ్వ అడుగుతుందనే చూసింది, అడిగితే సిద్ధిరాములు చెప్పిన మాట నాలుక మీద ఉంది, పిల్ల బెదిరి పొరబడ్డది, మూడు ముక్కలు, అనేస్తే మళ్లీ ఎల్లారెడ్డి బస్సెక్కొచ్చు, గౌరవ్వ అరుగు మీద చోటు అట్లాగే ఉంటుంది, మేడం తల ఎత్తి, పెద్దమ్మా, మీరు ఏమైనా చెప్తారా, అంది, రాజశ్రీ అవ్వ వైపు తిరిగింది, ఆ చూపులో అడగడం లేదు, ఆశ కూడా లేదు, పొద్దున తల దువ్వినప్పుడు ఉన్నది కూడా ఇప్పుడు లేదు, సిద్ధిరాములు వచ్చి పోయిన సంగతి ఈ పిల్లకు ముందే తెలుసా, తెలిసే దువ్విందా.

జెప్త, అంది సాలవ్వ, నేను నలుగుట్ల అన్న మాట అబద్ధం మేడం, ఆ బట్టలు ఏసుకోవద్దని నేను అనలే, ఇంకోటి గూడ ఉన్నది, అది ఈ పిల్లది గాదు, నాది, అప్పుడు నాకు పదిహేనేండ్లు, రాసుకుంటవా, అంది, మేడం కొత్త కాగితం తీసింది, మాటలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, ముత్తవ్వ పేరు, చెకర్ పేరు, దుర్గి అడిగింది, తాను చెప్పింది, చెబుతూనే ఉండగా లోపల ఎక్కడో ఒక్క చోట అంతా నిలకడగా, నీళ్లు తేరుకున్నట్టుగా అయింది, ముత్తవ్వ ప్రేమతోనే చేసింది, తానూ ప్రేమతోనే చేసింది, చేయి చేయి పట్టుకుని యాభై ఏళ్లు ఆ గదిలోకి పోయి వచ్చారు, పక్కవాళ్లను కాపాడుతున్నాం అనుకున్నారు, కానీ లోపల ఎవరున్నారో చెప్పకుండా తోడు మాత్రమే ఇచ్చినన్నాళ్లూ వాళ్లంతా కలిసి కాపాడింది ఆడపిల్లలను కాదు, వాణ్ణి.