తల్లుల గది

పొద్దున్నే మా ఆయన నాకు టీ పెట్టి తెచ్చాడు. నలభై ఏళ్ల కాపురంలో నేను జ్వరంతో పడుకున్నా "టీ పెట్టావా?" అని అడిగిన మనిషి. గ్లాసు అందుకున్నానే గానీ తాగబుద్ధి కాలేదు. ఊరికే చేసే మనిషి కాదు, ఏదో ఉంది. పంచదార కూడా ఎక్కువే వేశాడు.

ఇస్త్రీ చీర మంచం మీద పెట్టి అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఊరి చివర మూతపడ్డ పొగాకు గ్రేడింగ్ షెడ్డును కంపెనీ వారసులు ఊరికి రాసిచ్చారు. దాన్ని బాగుచేసి లైబ్రరీ, మీటింగు హాలు, కుట్టు నేర్పే చోటు పెడుతున్నారు. ఆ పని చూస్తున్న శ్రీరమ్య అనే ఆర్కిటెక్టు నన్ను రమ్మందట. ఆ షెడ్డులో నేను పదహారేళ్లు ఆకును రంగుల వారీగా ఏరాను. మా ఆయన బుల్లయ్య అక్కడే గేటు మేస్త్రీ, వచ్చేపోయే కూలీల మీద అజమాయిషీ ఆయనదే.

"అన్నీ నేను చెప్పేశాలే. నువ్వేం మాట్లాడబాక. నవ్వుతా నిలబడు, చాలు" అన్నాడు.

ఏం చెప్పేశాడు? దారి పొడుగునా అదే ఆలోచన. షెడ్డులో శ్రీరమ్య నా చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే ఆమె మీదా అనుమానమే కలిగింది. ఆ షెడ్డులో అంతవరకూ నా చెయ్యి మర్యాదగా పట్టుకున్నవాళ్లు లేరు. గోడలకు సున్నం వేశారు, పైకప్పు ఇనుప దూలాలకు తుప్పు గీకారు. పొగాకు ఘాటు మాత్రం ఇంకా పోలేదు. గేటు పక్కనున్న చిన్న గది దగ్గర ఆగి, గోడకు ఆనించిన బోర్డు చూపించింది. 'తల్లుల గది' అని రాసి ఉంది. మేమంతా అక్కడే పిల్లలకు పాలిచ్చేవాళ్లమని బుల్లయ్య గారు చెప్పారట. అందుకే ఆ గదిని అలాగే ఉంచుతున్నారట, రిబ్బను నా చేతే కత్తిరింపిస్తారట.

పాలు. మా పిల్లలు గేటు బయట తడికల నీడన ఏడ్చి ఏడ్చి నిద్రపోయేవాళ్లు. పాలు పొంగి రవిక తడిస్తే, లోపల ఆకు దాచానని ఆ గదిలో విప్పించారు నా చేత. ప్రతి సాయంత్రం అందరం వరసలో నిలబడేవాళ్లం, కొప్పులు కూడా ఊడదీసి చూసేవాళ్లు. నా పక్కన కూర్చుని ఆకు ఏరే మస్తాన్‌బీ ఒకరోజు ఆ గదిలోంచి బయటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా నడిచి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి పనికి రాలేదు. పెళ్లయ్యాక నన్నయినా ఆ వరసలోంచి తప్పించమని మా ఆయన్ని అడిగాను. "పెళ్లాన్ని వెతక్కుండా వదిలేశానంటే నా ఉద్యోగం పోద్ది" అన్నాడు. ఆ రాత్రే ఇంకా అన్నం వండలేదేమని కసురుకున్నాడు కూడా. కంపెనీ పోయింది, ఉద్యోగమూ పోయింది. మరి ఇప్పుడు ఎవర్ని కాపాడుతున్నాడు? ఈ అబద్ధం గోడకెక్కితే నా మనవరాళ్లు దాన్నే చదువుతారు. నేను పోయాక కాదనేవాళ్లు కూడా ఉండరు. ఒళ్లు మండిపోయింది.

నేను నవ్వకపోవడం చూసి మా ఆయన అందుకున్నాడు. నాకు మతిమరుపని, పాత సంగతులేవీ గుర్తుండవని చెప్పి, ఫొటో తీసుకోమన్నాడు.

"ఇక్కడ ఎవరూ పాలివ్వలేదమ్మా" అన్నాను. "ఇంటికెళ్లే ముందు మా చేత చీరలు విప్పించి వెతికేవాళ్లు. బోర్డు మీద అది రాయి."

 వెతికింది ఆడవాళ్లేనా, కనీసం తలుపైనా వేసేవారా అని శ్రీరమ్య మెల్లగా అడిగింది. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఆయన్ని మాట్లాడనివ్వలేదు.

"వెతికింది ఆడమనిషే. తలుపు దగ్గర ఈయన ఉండేవాడు. నేను లోపలున్నప్పుడు కూడా వెయ్యలేదు."