నూట ఎనిమిది బిందెల రోడ్డు

రెండున్నర మైళ్ళ జిల్లా బోర్డు రోడ్డు. దెందులూరు దగ్గర పెద్ద రోడ్డును వదిలి, ఒక చిన్న ఊరి నడుమగా పోయి కొల్లేటి గట్టుకాడ ఆగిపోతుంది. దానికే ఊరి పెద్దలు గంగను దింపినట్టు విర్రవీగారు.

వేసింది బాలస్వామి. అతను మేస్త్రీ, మన్ను మోసింది ఊరి బయట అతని పాలెంలోని క్రైస్తవులు, కంకర కొట్టింది అతని భార్య మార్తమ్మ. ఊళ్ళో బ్రాహ్మణ వీధిలో వీళ్ళు అడుగు పెట్టకూడదు. బురదలో కాలవగట్టు చుట్టి పోవాలి. పోయిన వానల్లో పురిటినొప్పులు పడుతున్న బాలస్వామి కోడల్ని ఆ గట్టు మీదే మంచంతో మోసుకుపోయారు. ఆస్పత్రికి చేరింది శవం. ఇప్పుడు రోడ్డు ఆ వీధిలోంచే పోతోంది. బోర్డు రోడ్డు అందరిదీ అని ఓవర్సీరు అన్న ఒక్క మాటకే బాలస్వామి ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు.

ఇరవై రోజులు వాళ్ళు వీధిలో తట్టలు మోస్తుంటే ఎవరికీ అంటు గుర్తు రాలేదు. రేపు రోడ్డు ప్రారంభానికి బోర్డు ప్రెసిడెంటు వస్తాడనగా గుర్తొచ్చింది. వీధిని శుద్ధి చేయాలన్నాడు పురోహితుడు శివరామయ్య. ఇరవై రోజుల మైల కదా, చెంబుతో చల్లితే చాలదట. నూట ఎనిమిది బిందెలు!

"అయ్యా, ఈ ఫర్లాంగు నిన్ననే పరిచామండీ. రోలరు తొక్కలేదండీ. నీళ్ళు పోస్తే కుంగిపోద్దండీ" అన్నాడు బాలస్వామి, వీధి మొగలో నిలబడి.

"శాస్త్రం నువ్వు చెబుతావుట్రా నాకు? రేపణ్ణుంచి గట్టు మీదుగానే పోవాలి మీరు, తెలిసిందా?"

పోశారు. మంత్రాలతో సహా పోశారు.

మర్నాడు ప్రెసిడెంటు కారు పూలదండలతో వచ్చి, సరిగ్గా శివరామయ్య అరుగు ముందు ఇరుసుదాకా దిగబడింది. శాస్త్రం తెలిసినవాడొక్కడూ పంచె ఎగగట్టలేదు. మునసబు నరసరాజు పాలేనికి పరుగెత్తాడు.

"రండ్రా, రండి, పరువు పోతోంది!"

"ఎలా వస్తామండీ? ఆ వీధి మాకు కూడదు కదండీ" అన్నాడు బాలస్వామి.

"ఇప్పుడు ఫరవాలేదురా."

"రేపండీ?"

"అదీ చూద్దాంలే, ముందు రా!"

ముప్పైమంది మోకులు పట్టారు. ముందు చక్రాలు లేచాయి. అప్పుడు బాలస్వామి చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"మునసబుగారూ, రేపటి సంగతి ప్రెసిడెంటుగారి ముందు చెప్పండి."

ప్రెసిడెంటు కారు కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఏమిటయ్యా సంగతి? ఈ రోడ్డు మీద వీళ్ళు నడవరా?"

వీధి వీధంతా దగ్గింది. నరసరాజు శివరామయ్య వైపు చూశాడు. శివరామయ్య ఆకాశంలోకి చూశాడు.

"అయ్యో, నడవరని ఎవరన్నారండీ! నడుస్తారు! రోజూ నడుస్తారు!" అన్నాడు నరసరాజు.

"రోజూనాండీ?" అన్నాడు బాలస్వామి, మోకు ముట్టకుండా.

"రోజూరా బాబూ, రోజూ!"

దేవుడి పేరు చెప్పినా, సర్కారు చట్టం చూపించినా కరగని ఊరి పెద్దలు, ఒక కారు బురదలో పడితే కరిగారు. అంతే వీళ్ళ ధర్మం.

కారు గట్టెక్కింది. అవతల కాలవగట్టు మీద ఆడవాళ్ళు గడ్డిమోపులతో నిలబడి చూస్తున్నారు. వాళ్ళలో మార్తమ్మ ముందుగా గట్టు దిగింది. ఎవరినీ అడక్కుండా, వారకు ఒదగకుండా, రోడ్డు నడిమధ్యన నడుచుకుంటూ వచ్చింది.