తుఫాను మీదికి నెట్టిన ప్రయాణం

ఆమెను ఆ వీధివాళ్ళంతా కత్తెరమ్మ అంటారు. ఎదురుగా ఎవరూ అనరు, వెనకాలే. ఆ సంగతి ఆమెకు తెలుసు, పెద్దగా పట్టించుకోదు. పెళ్ళి కాకముందు నుంచీ ఆడవాళ్ళ జుట్టు కత్తిరిస్తున్న మనిషిని ఇంకేమంటారు? ఆమె మొగుడు రేకులాయన. ఇళ్ళకూ గోడౌన్లకూ పైకప్పు రేకులు బిగిస్తాడు, కారే కప్పులు బాగుచేస్తాడు. మంచి పనివాడు. మాట తక్కువ. ఎవరు పిలిచినా కాదనలేడు, ఒక్క పెళ్ళాం పిలిస్తే తప్ప.

అతనికి ఏడాదిలో రెండే కాలాలు. ఎండలున్నప్పుడు కొత్త కప్పులు, వానలున్నప్పుడు కారే కప్పులు. పెళ్ళైన కొత్తలో ఎక్కడికైనా వెళ్దామంటే "ఈ ఒక్క పనీ కానీ" అన్నాడు. కూతురు పుట్టాక "పిల్ల కాస్త నడవనీ" అన్నాడు. పిల్ల నడిచింది, పరిగెత్తింది, చదువుకని వేరే ఊరు కూడా వెళ్ళిపోయింది. ఇంట్లో ఇక మిగిలింది వీళ్ళిద్దరూ, అత్తగారూ. అత్తగారు పెందలాడే తిని పడుకుంటుంది. ఆ తర్వాత భోజనానికి కూర్చుంటే కంచాల చప్పుడు తప్ప మరో మాట వినిపించేది కాదు.

ఆ ఏడు వానలు పట్టుకున్నాక ఒక మధ్యాహ్నం, సెలూన్లో ఈగలు తోలుకుంటూ కూర్చున్న కత్తెరమ్మకు ఒక పాత కస్టమర్ తన ఫోన్లో ఫొటోలు చూపించింది. చిన్న దీవి. ఒక పక్కకు ఒరిగిన కొబ్బరి చెట్లు. గాజులా మెరిసే నీళ్ళు.

"ఇక్కడికి ఎప్పుడు వెళ్ళొచ్చు?" అని అడిగింది కత్తెరమ్మ.

"ఇప్పుడు మాత్రం వద్దక్కా, తుఫానుల కాలం. ఎవరూ వెళ్ళరు."

"ఎవరూ వెళ్ళకపోతే గదులు ఖాళీగా ఉంటాయిగా?"

ఆ రోజు ఇంటికి వెళ్ళగానే మొగుడి ఎదురుగా నిలబడి, మూడు రోజులు దీవికి వెళ్తున్నామని చెప్పింది. వెళ్దామా అని అడగలేదు. అతను తలెత్తి చూసి, "ఈ వానల్లోనా?" అన్నాడు.

"మీకు ఎండల్లో కుదరదు. నాకు పెళ్ళిళ్ళ రోజుల్లో కుదరదు. ఇక మిగిలింది వానలే."

అతను కాసేపు ఆలోచించి "సరే" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె మొహం వెలిగిపోయింది.

పని మొదలుపెడితే కత్తెరమ్మ సగంలో వదలదు. దీవికి గాలి తగలని వైపు ఏ హోటలుందో వెతికింది. ఇసుక మీద గుడిసెలు వద్దనుకుని, మేడ మీది గది చూసింది. మధ్యాహ్నం దాటితే సముద్రం పోటెత్తుతుందని, పొద్దుటి పడవే ఎక్కాలని తెలుసుకుంది. రేవులో ఎర్రజెండా ఎగరేస్తే పడవ నడవదు, అలాంటప్పుడు టికెట్టు మరో రోజుకు మారుస్తారు. వెళ్ళేముందు ఒక రోజు, వచ్చాక ఒక రోజు కలుపుకుని ఐదు రోజులు సెలూన్ మూసేస్తున్నట్టు తలుపు మీద కాగితం అంటించింది. టార్చిలైటు, అత్తగారికి పది రోజుల మందులు, బట్టలు తడవకుండా మందపాటి సంచీలు, అన్నీ సిద్ధం చేసింది. తుఫాను వస్తే మానేద్దాం, రాకపోతే వెళ్దాం. ఆమె లెక్క అంత సులువు.

రేకులాయన దేనికీ అడ్డు చెప్పలేదు. "గది సముద్రం వైపు తీసుకోనా, తోట వైపు తీసుకోనా?" అని అడిగితే "సముద్రం వైపే తీసుకో" అన్నాడు. రెయిన్‌కోటు కొనడానికి తనే బజారుకు వెంట వచ్చాడు. ఆమె ఆకుపచ్చది, నీలంది మార్చి మార్చి తొడుక్కుంటుంటే అద్దం పక్కన నిలబడి, "నీలం బాగుంది నీకు" అన్నాడు. అతను అలాంటి మాట అని ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు లేదు. దారంతా నీలం రెయిన్‌కోటు సంచిని గుండెలకు హత్తుకుని నడిచింది.

ప్రయాణానికి నాలుగు రోజులుందనగా సముద్రంలో వాయుగుండం పుట్టిందని వార్తల్లో చెప్పారు. రేకులాయన టీవీ వైపు చెయ్యి చూపించి, "చూశావా? ఇక కుదరదులే" అన్నాడు. ఆ గొంతులో బాధ కంటే ఊరట ఎక్కువగా ఉందని అప్పుడు ఆమెకు తోచలేదు. లోపలికి వెళ్ళి సర్దిన సంచి వంక కాసేపు చూసింది. దేవుడిని తిట్టింది, గాలిని తిట్టింది. మొగుణ్ణి మాత్రం తిట్టలేదు.

మూడు రోజులకు వాయుగుండం పక్కకు తిరిగి, ఎవరూ లేని నడిసముద్రంలోకి వెళ్ళిపోయింది. పొద్దున్నే ఆ కబురు వినగానే కత్తెరమ్మ చిన్నపిల్లలా ఎగిరి గంతేసినంత పని చేసి, హోటలుకు ఫోన్ చేసింది. అత్తగారు ఎదురుగా కూర్చుని బఠాణీలు వలుస్తోంది. రేకులాయన అప్పటికే పనికి వెళ్ళిపోయాడు.

"మేం వస్తున్నాం. పడవలు నడుస్తున్నాయా?"

అవతల అమ్మాయి గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "మేడమ్, మీ బుకింగ్ పోయిన వారమే క్యాన్సిల్ అయింది కదా. మీవారు ఫోన్ చేశారు. మీ అత్తగారి సంగతి విన్నాం. చాలా బాధగా ఉందండీ."

"మా అత్తగారికేమైంది?"

"అంటే... పోయారని చెప్పారు మేడమ్."

కత్తెరమ్మ తలెత్తి చూసింది. పోయిన అత్తగారు కిందపడిన బఠాణీ గింజను ఏరుకుని, ఊది, గిన్నెలో వేసుకుంటోంది.

ఆమె ఫోన్ పెట్టేసింది. "ఏమైందమ్మాయ్, అలా కొయ్యబారిపోయావు?" అని అత్తగారు అడిగితే జరిగింది చెప్పింది. ముసలావిడ చేతిలో కాయ గిన్నెలో పడిపోయింది.

"నన్ను చంపేశాడా? గది వద్దని చెప్పడానికి కన్నతల్లిని చంపేశాడా? జ్వరమనో, కాలు విరిగిందనో చెప్పొచ్చుగా! ఏకంగా చంపేయడమేనా!"

కత్తెరమ్మ చెవికి అవేవీ ఎక్కలేదు. ఆమె రోజులు వెనక్కి లెక్కపెట్టుకుంటోంది. పోయిన వారం. అంటే రెయిన్‌కోటు కొనడానికి ముందే. అతను టార్చిలైటుకు బ్యాటరీలు తెచ్చిచ్చింది కూడా ఆ తర్వాతే. నీలం బాగుంది నీకు అన్నప్పుడు ఎక్కడికీ వెళ్ళడం లేదని అతనికి తెలుసు. తెలిసే అద్దం పక్కన నిలబడ్డాడు.

చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

ఊరి చివర కలప డిపో షెడ్డు మీద రేకులాయన పని చేస్తున్నాడు. పనివాళ్ళిద్దరూ భోజనానికి వెళ్ళారు. పైన అతనొక్కడే, మోకాళ్ళ మీద కూర్చుని స్క్రూలు బిగిస్తున్నాడు. ఆకాశం మసకేసి ఉంది.

"కిందికి దిగండి. మాట్లాడాలి" అంది ఆమె.

"ఏంటి, ఇక్కడిదాకా వచ్చావు? వాన పడేలోగా ఇది అయిపోవాలి. ఇంటికెళ్ళు, తర్వాత మాట్లాడుకుందాం."

ఆ "తర్వాత" అన్న మాట విని విని ఆమె విసిగిపోయింది. షెడ్డుకు ఆనించిన నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని లాగింది. నిచ్చెన పెద్ద చప్పుడుతో దుంగల పక్కన పడింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్? పిచ్చెక్కిందా నీకు?"

"అత్తయ్య ఎప్పుడు పోయారు?"

పైన చప్పుడు ఆగిపోయింది.

"ఎవరు చెప్పారు?" అన్నాడు చివరికి.

"హోటల్లో అమ్మాయి. పాపం చాలా బాధపడింది. నువ్వేమైనా బాధపడ్డావా?"

పెళ్ళైన దగ్గర్నుంచి అతన్ని ఆమె 'మీరు' అనే పిలిచింది. అలిగినప్పుడూ మీరే, తిట్టినప్పుడూ మీరే. ఇప్పుడు నోట్లోంచి 'నువ్వు' దానంతట అదే ఊడిపడింది. ఆమె దాన్ని సర్దుకోలేదు.

"ఈ డిపో ఆయన బతిమాలాడే. కలపంతా తడిసిపోతోందన్నాడు. కాదనలేకపోయాను. నీతో చెబితే గొడవవుతుందని..."

"చెప్పకపోతే అవ్వలేదా?"

"తుఫాను ఎలాగూ వస్తుందనుకున్నా."

"రాలేదుగా! అది కూడా నీ మాట వినలేదు!" ఆమె గొంతు డిపో అంతా మోగింది. "నీ తల్లిని చంపావు, అది ఆవిడా నువ్వూ తేల్చుకోండి. నన్నెందుకు ఆడించావు? గది వద్దని చెప్పేసి వచ్చి, సముద్రం వైపే తీసుకోమంటావా? నీలం బాగుందని ఏ నోటితో అన్నావు?"

"నీలం నీకు బాగానే ఉందే" అన్నాడతను, ఏమనాలో తెలియక.

ఆమె కిందున్న చెక్కపేడు తీసి విసిరింది. అది అతనికి బారెడు దూరంలో రేకుకు తగిలి ఖంగుమంది. దూరంగా ఉరిమింది.

"నిచ్చెన పెట్టవే. రేకు తడిస్తే కాలు నిలవదు."

"నిజం చెప్పు, పెడతాను."

"చెప్పాగా, డిపో ఆయన..."

"ఆయన కాకపోతే ఇంకొకడు. ప్రతిసారీ ఎవడో ఒకడు ఉంటాడు. వాళ్ళ సంగతి నాకొద్దు. నీ సంగతి చెప్పు."

అతను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, కప్పు అంచు దాకా జరిగి కూర్చున్నాడు. పైనుంచి చూస్తే ఆమె చిన్నగా కనబడి ఉండాలి.

"మూడు రోజులు అక్కడ ఏం చెయ్యాలే? పనుండదు. పిల్లుండదు. అమ్మ ఉండదు. నువ్వూ నేనూ ఎదురెదురుగా కూర్చోవాలి. ఏం మాట్లాడాలో నాకు తెలీదు. అన్నం దగ్గరే తెలీడం లేదు. అంతదూరం వెళ్ళాక, ఈయనకు నాతో మాట్లాడ్డానికి ఏమీ లేదని నీకు తెలిసిపోతుందేమోనని... భయమేసింది."

అది విన్నా ఆమెకు కోపం తగ్గలేదు. ఇంకో ఆడదాని పేరు చెప్పినా, డబ్బు పోయిందని చెప్పినా ఇంత మండిపోయేది కాదేమో. అన్నం దగ్గర ఆ మాటలు లేనితనాన్ని తనొక్కతే మోస్తున్నాననుకుంది. అతనికీ తెలుసన్నమాట. తెలిసీ, తన దగ్గరికి రాకుండా ప్రతిరోజూ కప్పులెక్కి కూర్చున్నాడన్నమాట.

"నాకు మాత్రం తెలుసా?" అంది. "నేర్చుకుందామనేగా రమ్మన్నాను!"

చినుకులు మొదలయ్యాయి. ఆమె నిచ్చెన ఎత్తి ఆనించింది, అతను దిగేదాకా కింద గట్టిగా పట్టుకుంది. అతని కాలు నేలను తాకగానే వదిలేసి, వెనక్కి చూడకుండా నడిచింది. "ఆగు, నేనూ వస్తాను, రేపే వెళ్దాం" అని అతను వెనకాల నుంచి అంటున్నాడు.

"అక్కర్లేదు!" అంది. "నువ్వు ఈ కప్పు బిగించుకో!"

ఇంటికి వెళ్ళి మళ్ళీ ఫోన్ చేసింది. గది ఖాళీగానే ఉంది. అసలు హోటలే ఖాళీగా ఉంది. సంచిలోంచి అతని బట్టలు తీసి మంచం మీద పడేస్తుంటే అత్తగారు గుమ్మంలో నిలబడింది.

"నేనూ రానా అమ్మాయ్? నన్ను చూస్తే ఆ హోటలు పిల్ల జడుసుకుంటుంది."

కత్తెరమ్మకు ఆ కోపంలోనూ నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. "మిమ్మల్ని ఇంకోసారి తీసుకెళ్తాను అత్తయ్యా. ఈసారి నేనొక్కదాన్నే."

ముసలావిడ ఒక్క క్షణం చిన్నబుచ్చుకుంది. అంతలోనే తేరుకుని, "వెళ్ళు. నేను మాత్రం వాడికి వండిపెట్టను. చచ్చినవాళ్ళు వండుతారా?" అంది.

మర్నాడు పొద్దుటి పడవలో ఆమె దీవికి వెళ్ళింది. సముద్రం బూడిదరంగులో ఉంది. హోటలమ్మాయి తాళం ఇస్తూ మొహమాటంగా "మీ అత్తగారు..." అని ఆగింది.

"బతికారు" అంది కత్తెరమ్మ.

ఆ రోజంతా వాన. ఫొటోల్లో ఉన్న నీళ్ళు ఎక్కడా లేవు. సముద్రం ఎదురుగా కూర్చుంటే కోపం దానంతటదే కొట్టుకుపోతుందనుకుంది. పోలేదు. అద్దం గుర్తొచ్చినప్పుడల్లా మళ్ళీ రాజుకుంది. అయినా లేచి వెళ్ళిపోవాలనిపించలేదు. ఎవరికీ వండక్కర్లేదు, ఎవరి తలా పట్టుకోనక్కర్లేదు. వసారాలో కాళ్ళు చాపుకుని తన కోపంతో తను కూర్చుంది. కడుపునిండా తింది.

సాయంత్రం ఫోన్ మోగింది. మొదటిసారి తియ్యలేదు. రెండోసారి తీసింది.

"వాన ఉందా?" అన్నాడతను.

"ఉంది."

"ఇక్కడా ఉంది."

అతని ఊపిరి వినిపిస్తోంది. వెనకాల గిన్నెల చప్పుడు, ఏదో మాడిందన్న గొడవ, అత్తగారి సణుగుడు.

"నీకు... కోపం పోలేదా?"

"పోలేదు. ఇప్పట్లో పోదు."

"మరి ఫోన్ పెట్టెయ్యనా?"

"పెట్టెయ్యి. రేపు మళ్ళీ చెయ్యి" అంది ఆమె. "వాన సంగతి నాకు కనబడుతూనే ఉంది, అది చెప్పక్కర్లేదు. నీ సంగతి ఏదైనా ఒకటి చెప్పు. ఎంత చిన్నదైనా పర్లేదు. పగలంతా ఆలోచించుకో."

"ఏం చెప్పాలి?"

"అది కూడా నేనే చెప్పాలా?" అని అరిచి, ఆమే ఫోన్ పెట్టేసింది.