అరచేతినిండా గ్రీజు

తప్పులుంటే మన్నించండి. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై తొమ్మిదో ఏట. ఒత్తుల దగ్గర ఇంకా తడబడతాను, ఒక్క పేజీకి ఒక రోజు పడుతుంది. చదివేవారు కాస్త ఓపిక పట్టాలి.

భార్య నూకమ్మ పోయిన నలభయ్యో రోజున తాతబ్బాయి తన పాత మారుతి కారుకు తాడు కట్టించి, హథ్‌ఖోజ్‌లోని మెకానిక్ సుభాష్ షెడ్డుకు లాగించుకొచ్చాడు. కూతురు బేబీ వద్దంది. "దాన్ని తుక్కుకి ఇచ్చేయ్ నాన్నా. ఆ సుభాష్ గడప మాత్రం తొక్కకు" అంది.

అలా అనడానికి కారణం ఉంది. ఎండాకాలం మొదట్లో క్లచ్ ప్లేటు మార్చింది సుభాషే. నాలుగు నెలలు తిరిగాక, ఒక ఉదయం నూకమ్మకు గుండెల్లో నొప్పి వచ్చింది. కోహ్కాలో ఇంటి నుంచి కారు బాగానే బయలుదేరింది. ఓవర్‌బ్రిడ్జి ఎక్కుతుండగా ఇంజను మాత్రం అరుస్తోంది, చక్రం కదలదు. కాలిన వాసన. దారిన పోయేవాళ్లు తోశారు, చివరికి ఎవరో ఆటో ఆపారు. ఆస్పత్రిలో డాక్టరు, "ఇంకో అరగంట ముందొచ్చి ఉంటే" అని ఆగిపోయాడు. ఆ అరగంటను బేబీ సుభాష్ మెడకు కట్టింది. పదిమందిలో నిలబెట్టి, "మా అమ్మను నీ క్లచ్చే చంపింది" అంది. సుభాష్ తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆ క్లచ్‌లో ఏముందో తన కళ్లతో చూడాలనిపించింది తాతబ్బాయికి.

సుభాష్ కారును చూసి చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తరవాత, "కూర్చో బాబాయ్" అని స్టూలు జరిపాడు.

"నన్ను తిట్టవేటిరా?"

"నిన్నెందుకు తిడతాను? బేబీ దీదీ దుఃఖంలో అంది. చాయ్ తాగుతావా?"

ముందు కేబులు చూశాడు. బిగుతు సరిగానే ఉంది. ఇంజను ఆన్ చేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, మూడో గేరు వేసి, క్లచ్ మీంచి కాలు తీశాడు. క్లచ్ మంచిదైతే ఇంజను టక్కున ఆగిపోవాలి. ఆగలేదు, హాయిగా తిరుగుతూనే ఉంది.

"పట్టు లేదు బాబాయ్. ప్లేటు జారిపోతోంది. ఖోల్‌నా పడేగా, విప్పాల్సిందే."

మధ్యాహ్నానికి గేరుబాక్సు కిందికి దిగింది. సుభాష్ ప్లేటు బయటికి తీసి వెలుతురులో పట్టుకున్నాడు. కొత్తదే, అరగలేదు. కానీ అద్దంలా నిగనిగలాడుతోంది, అంచు చుట్టూ నల్లటి జిడ్డు. నూనె కారకుండా ఇంజను వైపు ఉండే సీలును వేలితో తడిమాడు. పొడిగా ఉంది. గేరుబాక్సు వైపు సీలూ పొడే.

"ఆయిల్ కాదు, గ్రీజు" అని, ప్లేటు కూర్చునే షాఫ్టు పళ్ల సందులోంచి స్క్రూడ్రైవరుతో ఒక ముద్ద గీకాడు. "నా డబ్బాలో గ్రీజు నీలం రంగు. ఇదేమో తేనె రంగు. ఇది ఎక్కడిది?"

తాతబ్బాయి ఆ ముద్దను రెండు వేళ్ల మధ్య నలిపాడు. వాసన చూడక్కర్లేకపోయింది. ముప్పై మూడేళ్లు ఉక్కు ప్లాంటులో గ్రీజు గ్యాంగులో చేసినవాడు. రిటైరైన రోజున తోటివాళ్లు నవ్వుతూ చేతిలో పెట్టిన డబ్బాలోది ఆ గ్రీజు. ఇంట్లో తలుపులకీ, సైకిలుకీ అదే వాడేవాడు.

క్లచ్ మార్చిన ఆ రోజంతా కళ్లకు కట్టింది. గేరుబాక్సు ఇలాగే దించి ఉంది. సుభాష్ షాఫ్టుకు పల్చగా, పూసీ పూయనట్టు పూసి, అన్నం తినడానికి ఇంటికి వెళ్లాడు. 'ఈడికి పిసినారితనం' అనుకున్నాడు తాతబ్బాయి. కారు తలుపులకు రాద్దామని తెచ్చిన డబ్బా పక్కనే ఉంది. గ్యాంగులో వాళ్ల పాఠం ఒక్కటే: పాతది బయటికొచ్చి కొత్తది కనబడేదాకా గ్రీజు కొట్టు. రోలింగ్ మిల్లు బేరింగుకు అది ప్రాణం. అరచేతినిండా తీసి షాఫ్టు పళ్లలో కూరాడు. నూకమ్మకు మోకాళ్ల నొప్పులు, బండి కుదుపు లేకుండా పోవాలి అనుకున్నాడు.

"నానే రాసినాన్రా" అన్నాడు.

సుభాష్‌కు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"నువ్వు బువ్వకెళ్లినప్పుడు. మా నూకమ్మ ఎప్పుడూ అనేది, ఈయన దీపంలో నూనె పోస్తే గోడ దాకా పారుద్దని."

"ఎండకి కరిగింది, తిరిగి తిరిగి ప్లేటు మీద చిమ్మింది" అన్నాడు సుభాష్ మెల్లగా. "బిగించేముందు నేను చూసుకోవాల్సింది బాబాయ్. నాదీ గల్తీయే."

"నీది కాదు."

"సీలు లీకైందని చెబుదాం. దీదీకి ఏం తెలుస్తుంది? ఇన్నాళ్లూ నన్నే అనుకుంది, ఇంకా అనుకోనీ. నీకు మిగిలింది ఆవిడొక్కత్తే."

తాతబ్బాయి వేళ్లకంటిన తేనె రంగు గ్రీజును గుడ్డకేసి తుడుచుకున్నాడు.

జిడ్డు పీల్చిన ప్లేటు కడిగినా పనికిరాదని సుభాష్ కొత్తది తెప్పించాడు. ప్లేటు ఆనుకునే ఇనుప ముఖాలు రెండూ థిన్నరుతో మూడుసార్లు కడిగి, ఎమరీ కాగితంతో రుద్దాడు. షాఫ్టు పళ్లను బ్రష్షుతో తోమి, చిటికెడు నీలం గ్రీజు రాసి, అదీ ఎక్కువేనని గుడ్డతో తుడిచేశాడు. అంతసేపూ తాతబ్బాయి చేతులు రెండూ చంకల్లో దాచుకుని కూర్చున్నాడు.

సాయంత్రం ఎండ ఉండగానే స్మృతి నగర్‌లో కూతురి గేటు ముందు కారు ఆపాడు. బేబీ కారును చూస్తూనే మొహం తిప్పుకుంది.

"దాన్ని ఇక్కడికెందుకు తెచ్చావ్?"

"సుభాష్ తప్పేటీ లేదమ్మా. క్లచ్‌కి గ్రీజు నాను రాసినాను. ఆడు లేనప్పుడు. దాన్నించే జారిపోయింది."

"వాడు అలా చెప్పమన్నాడా?"

"ఆడు సెప్పొద్దన్నాడు."

బేబీ గేటు ఊచ పట్టుకుంది. "అమ్మకి తెలుసా?"

"తెలీదు. బండి మెత్తగా పోతందని నన్ను మెచ్చుకుంది."

బేబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"రేపు సుభాష్ దగ్గరికెళ్లి కాళ్లు పట్టుకుంటాను" అంది చివరికి. "నిన్ను మాత్రం... కొన్నాళ్లు చూడలేను నాన్నా. నువ్వు రాకు. నేనే వస్తాను."

"అలాగేనమ్మా."

ఆమె గేటు గడియ పెట్టింది. విసురుగా కాదు, చప్పుడు వినబడితే ఆయనకు నొప్పి పుడుతుందేమో అన్నంత నెమ్మదిగా. అప్పటిదాకా ఒక్క చుక్క రాని తాతబ్బాయి, ఆ నెమ్మదికే రోడ్డు మీద నిలబడి ఏడ్చేశాడు.

కిల్లాడ ఇంద్రాణి
వయసు అరవై ఆరు
ఇప్పుడు ఉంటున్నది కోహ్కా, భిలాయ్