సుంకులమ్మ బొటనవేలు

నేను ఒక వేలిముద్రల యంత్రాన్ని. అరచేతిలో ఇమిడేంత ఒళ్లు, పైన చిన్న అద్దం. నేరస్తుల సమాచారం రెండు రాష్ట్రాల పోలీసులూ పంచుకోవాలని ప్రభుత్వం నిధులిస్తే, ఆ డబ్బుతో నన్ను కొని సరిహద్దు స్టేషనుకు పంపారు. కొన్నారు గానీ, అవతలి రాష్ట్రంతో లైను కలపడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ ఎస్సై ఓబులేసు గారు నన్ను కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకున్నారు.

లైను కలిసిన వారానికే సుంకులమ్మను జనం చేతుల్లోంచి విడిపించి తీసుకొచ్చారు. తలవెంట్రుకలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే మనిషి. పిల్లల్ని ఎత్తుకుపోయే ఆడమనిషంటూ ఫోన్లలో ఒక ఫోటో తిరుగుతోంది. అవతలి రాష్ట్రంలో పాత నేరస్తురాలిదట. ముక్కుకు రెండువైపులా పుడకలు. ఈమెకూ అంతే. ఇంకేం, ఊరు పట్టుకుని కొట్టింది. ఇప్పుడు రెండొందల మంది స్టేషను గేటు ఊపుతున్నారు.

"మాకొదిలేయండి సార్! మేం చూసుకుంటాం!"

లోపల పోలీసులు ఆరుగురే.

హెడ్ కానిస్టేబుల్ రహమతున్నీసా ఆమె బొటనవేలు నా మీద పెట్టించింది. ఏమీ పడలేదు. గిన్నెలు తోమీ తోమీ గీతలు అరిగిపోయాయి. మళ్లీ పెట్టించింది. మళ్లీ అంతే. నాకే సిగ్గేసింది.

"గేటు ఆగేట్టు లేదు," అన్నారు ఎస్సై.

"ఒక్క నిమిషం సార్." రహమతున్నీసా ఆ వేలు తడిగుడ్డతో తుడిచి, తన రెండు చేతుల మధ్య వెచ్చగా పట్టుకుంది. "వణక్కు సుంకులమ్మా, నేనున్నాను కదా."

ఈసారి ముద్ర పడింది.

నాలుగు నిమిషాలకు జవాబొచ్చింది: "ముద్రలు కలవలేదు. ఫోటోలోని మనిషి నెల రోజులుగా మా జైల్లోనే ఉంది."

ఎస్సై ఆ జవాబు అచ్చు తీయించి గేటు దగ్గర గట్టిగా చదివారు. చదివింది చాలక, అవతలి అధికారికి ఫోను చేసి ఆ మాటే అందరికీ వినిపించారు.

"అయితే మనం కొట్టింది ఎవర్నిరా?" అన్నారెవరో. ఒక్కొక్కరే జారుకున్నారు.

సుంకులమ్మ రెండు గ్లాసుల నీళ్లు తాగి, "నా గిన్నెల బుట్ట యాడుంది సార్?" అంది. స్టేషనంతా ఒక్కసారిగా ఊపిరి వదిలి నవ్వింది. ఆమె కూడా నవ్వబోయి, అప్పుడు ఏడ్చింది. కొట్టినవాళ్ల మీద కేసు రాసి, ఆమెను జీపులో ఇంటికి పంపారు.

ఇప్పుడు పాతబడి స్టోరు గదిలో ఉన్నాను. నా బతుకులో దొంగల్ని చాలామందినే పట్టించాను. వాళ్ల వేళ్లేవీ గుర్తులేవు. పట్టించకుండా వదిలిన ఆ ఒక్క వేలి వెచ్చదనమే గుర్తుంది.